సికింద్రాబాద్ రాళ్లలో సున్నా వోల్ట్లు

సికింద్రాబాద్ యార్డులో పట్టాల పైన తీగ బాగుచెయ్యాలంటే లైన్‌మన్ నేరుగా నిచ్చెన ఎక్కడు. ముందు పవర్ బ్లాక్ తీసుకుంటారు. అంటే ఆ ముక్కకి కరెంటు ఆపమని కంట్రోల్‌ని అడిగి, ఆపేశామన్న ఖాయం కబురు వచ్చేదాకా ఆగుతారు. కబురు వచ్చాక కూడా తీగని ముట్టుకోరు. పొడుగాటి డిశ్చార్జ్ రాడ్ తెచ్చి, దాని కేబుల్ చివరనున్న క్లాంపుని మొదట పట్టాకి బిగిస్తారు. ఆ తరవాతే రాడ్ కొక్కేన్ని పైతీగకి తగిలిస్తారు. పనిచేసే చోటికి అటొకటి, ఇటొకటి. పనైపోయాక విప్పేటప్పుడు వరస తిరగబడుతుంది: ముందు పైతీగ, చివరికి పట్టా.

కరెంటు ఆపేశాక ఇంత తతంగం దేనికి? ఎందుకంటే ఆపేసిన తీగ సున్నా వోల్ట్లలో ఉంటుందన్న హామీ ఏమీ లేదు. పక్క లైను మీద ఇంకో తీగ 25 వేల వోల్ట్లతో బతికే ఉంటుంది. ఎక్కడా దేనికీ అంటకుండా గాల్లో వేలాడుతున్న ఈ తీగ, ఆ పొరుగు ప్రభావానికే వేల వోల్ట్లకి లేచి కూర్చోగలదు. ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లో ఆవేశం ఉన్న గోళం, ఎర్త్ చేసిన గోళం అంటూ వచ్చే లెక్కలు చాలామందికి పరీక్ష కోసమే పుట్టినట్టు కనిపిస్తాయి. యార్డులో ఆ లెక్క తప్పితే మనిషి పోతాడు.

వోల్ట్ అనేది తేడాని కొలిచే కొలత. ఏ స్టేషన్‌కి పోయినా పసుపు బోర్డు అడుగున సముద్ర మట్టానికి ఇన్ని మీటర్లు అని రాసి ఉంటుంది. సికింద్రాబాద్‌కి సముద్రం ఎక్కడో వందల కిలోమీటర్ల దూరం. అయినా ఎత్తులు లెక్కపెట్టడానికి ఒక సున్నా కావాలి కనక సముద్రాన్ని పెట్టుకున్నారు. ఆ సున్నాని మార్చి ఇంకోచోట పెట్టుకున్నా కాజీపేటకీ సికింద్రాబాద్‌కీ మధ్య ఎత్తు తేడా మారదు. ఇంజను లాగాల్సింది ఆ తేడానే. విద్యుత్ పొటెన్షియల్ కూడా ఇంతే. ఒక కూలాంబ్ ఆవేశాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడానికి ఎంత పని పడుతుందో చెప్పే అంకె అది. దానికి సున్నాగా పుస్తకాల్లో అనంత దూరాన్ని, పనిలో భూమిని తీసుకుంటారు. ఈ రెండు సున్నాలూ ఒకటేనా అన్న ప్రశ్న క్లాసులో ఎవరూ అడగరు. వ్యాసం చివరికొచ్చేసరికి దాని జోలికి పోక తప్పదు.

ముందు గోళం సంగతి. లోహపు గోళానికి ఆవేశం ఇస్తే అదంతా పైచర్మం మీదికి చేరి సమంగా పరుచుకుంటుంది. బయట నిలబడి చూసేవాళ్లకి ఆ ఆవేశం మొత్తం కేంద్రంలో ఒక చుక్కగా ఉన్నా ఇంతకన్నా వేరుగా కనిపించదు. అందువల్ల లెక్క చాలా సులువు: కూలాంబ్‌లలో ఆవేశాన్ని మీటర్లలో వ్యాసార్ధంతో భాగించి 900 కోట్లతో హెచ్చిస్తే వోల్ట్లు వచ్చేస్తాయి. గోళం లోపల ఎక్కడ కొలిచినా అదే పొటెన్షియల్. లోపల తేడా లేదు కాబట్టి ఆవేశాల్ని తోసే బలం కూడా లేదు. దీన్ని హెన్రీ కావెండిష్ 1773 ప్రాంతంలోనే ఒక గోళాన్ని ఇంకో డొల్ల గోళంలో పెట్టి, రెండిటినీ కలిపి, విడదీసి తేల్చేశాడు. లోపలి గోళం మీద ఆవేశం మిగల్లేదు. ఫలితాన్ని అచ్చు వెయ్యాలని మాత్రం ఆయనకి తోచలేదు. 1879లో మాక్స్‌వెల్ ఆ కాగితాలు దులిపి అచ్చు వేయించేదాకా అది లోకానికి సరిగా తెలియలేదు.

ఆ 25 వేల వోల్ట్లకి 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న గోళాన్ని ఎక్కించాలంటే ఎంత ఆవేశం కావాలి? ఒక మైక్రోకూలాంబ్‌లో మూడో వంతు కూడా అక్కర్లేదు. వోల్ట్ల సంఖ్య చూసి భయపడే ముందు వెనకాల ఆవేశం ఎంతుందో, దాన్ని నిరంతరం అందించే సబ్‌స్టేషన్ ఉందో లేదో చూడాలి. రైలు తీగ వెనక ఉంది.

గోళం పరిమాణం దగ్గరే అసలు కిటుకు. చర్మం దగ్గర విద్యుత్ క్షేత్రం ఎంతంటే, పొటెన్షియల్‌ని వ్యాసార్ధంతో భాగించినంత. మామూలు గాలి సెంటీమీటరుకి సుమారు 30 వేల వోల్ట్ల దాకా ఓర్చుకుంటుంది, ఆపైన తెగిపోయి మెరుస్తుంది. 10 సెంటీమీటర్ల గోళం 25 వేల వోల్ట్లలో ఉంటే చర్మం దగ్గర సెంటీమీటరుకి 2,500 వోల్ట్లే, గాలికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అదే వోల్టేజి అర సెంటీమీటరు వ్యాసార్ధం ఉన్న గుండు మీద పెడితే సెంటీమీటరుకి 50 వేలు, చుట్టూ గాలి చిటపటలాడుతుంది. హైవోల్టేజి పరికరాల మీద ప్రతి కొసనీ ఒక లోహపు గుండుతోనో రింగుతోనో కప్పేది ఇందుకే. మీటరు వ్యాసార్ధం ఉన్న గోళం లెక్కప్రకారం 30 లక్షల వోల్ట్ల దాకా ఓపగలదు. 1930ల్లో అమెరికాలో వాన్ డీ గ్రాఫ్ 15 అడుగుల వ్యాసం ఉన్న గోళాలు రెండు కట్టింది కూడా ఈ లెక్క చూసుకునే. వాటిని పెట్టడానికి విమానాశ్రయంలో ఉండాల్సిన హ్యాంగర్ లాంటి షెడ్డు కావలసొచ్చింది.

ఒక గోళాన్ని ఎర్త్ చేసి, ఎదురుగా అలాంటిదే ఇంకో గోళానికి వోల్టేజి ఎక్కించడం ఈనాటికీ పనికొచ్చే విద్య. ఎంత సందు పెడితే ఎన్ని వోల్ట్ల దగ్గర నిప్పురవ్వ దూకుతుందో పట్టికలున్నాయి కనక, ఆ జంట గోళాలు హైవోల్టేజికి కొలబద్దలాగా పనిచేస్తాయి. 25 సెంటీమీటర్ల వ్యాసం గోళాల మధ్య ఒక సెంటీమీటరు సందుంటే 31 వేల పైచిలుకు వోల్ట్ల దగ్గర రవ్వ దూకుతుంది. హైవోల్టేజి పరీక్షలకి హైదరాబాద్ కొత్తేమీ కాదు. సెంట్రల్ పవర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వారి అల్ట్రా హైవోల్టేజి ప్రయోగశాల ఉప్పల్ వైపే ఉంది. అయితే పట్టికల్లోని అంకెలు 20 డిగ్రీల వేడికీ, సముద్ర మట్టపు గాలి పీడనానికీ రాసినవి. మన ఊరు దాదాపు 530 మీటర్ల ఎత్తున ఉంది, గాలి కాస్త పలచన. దానికి తోడు మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలైతే గాలి ఇంకా పలచబడుతుంది. రెండూ కలిసి గాలి ఓపికని దాదాపు 12 శాతం తగ్గించేస్తాయి. అదే సందుకి అప్పుడు 28 వేల వోల్ట్లు చాలు. స్టేషన్ బోర్డు మీది ఎత్తు వోల్ట్ల లెక్కలోకి కూడా వస్తుందని దీనితో తెలుస్తుంది.

ఇక లైన్‌మన్ దగ్గరికి వద్దాం. మీటరు వ్యాసార్ధం ఉన్న లోహపు గోళాన్ని పింగాణీ స్తంభం మీద నిలబెట్టండి. దానికి ఆవేశం ఏమీ ఇవ్వలేదు. కేంద్రానికి 2 మీటర్ల దూరంలో 10 మైక్రోకూలాంబ్‌ల ధనావేశాన్ని తెచ్చి ఉంచండి. గోళం పొటెన్షియల్ ఎంత? ఆవేశం సున్నా కాబట్టి పొటెన్షియల్ కూడా సున్నా అని చాలామంది రాస్తారు. తప్పు. గోళంలోని ఆవేశాలు అటూ ఇటూ సర్దుకుంటాయి: దగ్గరి పక్కన రుణం, అవతలి పక్కన ధనం. మొత్తం కలిపితే సున్నాయే. కానీ కేంద్రం దగ్గర నిలబడి లెక్కేస్తే, చర్మం మీది ఆవేశాలన్నీ ఒకే దూరంలో ఉన్నాయి కనక అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది బయటి ఆవేశం తెచ్చిన పొటెన్షియల్ ఒక్కటే. అది 45 వేల వోల్ట్లు. లోహమంతా ఒకే పొటెన్షియల్‌లో ఉంటుంది కాబట్టి గోళం మొత్తం 45 వేల వోల్ట్లలో ఉన్నట్టే. ఒక్క ఆవేశపు చుక్క ఇవ్వకుండానే!

ఇప్పుడు గోళాన్ని తీగతో భూమికి కలపండి. పొటెన్షియల్ సున్నాకి దిగుతుంది. మరి ఆవేశం? దిగదు. బయటి ఆవేశం తెచ్చిన 45 వేల వోల్ట్లని కొట్టెయ్యాలంటే గోళం మీద మైనస్ 5 మైక్రోకూలాంబ్‌లు ఉండాలి. తీగ గుండా నేలలోంచి అవి వచ్చి చేరతాయి. ఎర్త్ చెయ్యడం అంటే ఉన్న ఆవేశాన్నంతా కక్కించెయ్యడం అనుకుంటాం. నిజానికి పొటెన్షియల్‌ని సున్నాకి కట్టెయ్యడమే ఎర్త్ చేసే పని. అందుకు ఆవేశం వదలాల్సొస్తే గోళం వదులుతుంది, తెచ్చుకోవాల్సొస్తే తెచ్చుకుంటుంది. ఎంత తెచ్చుకుంటుందన్నది బయటి ఆవేశం ఎంతో, వ్యాసార్ధానికీ దూరానికీ నిష్పత్తి ఎంతో చూసుకుంటే వచ్చేస్తుంది, ఇక్కడ సగం. ఆ చర్మపు ఆవేశమంతా కేంద్రానికి అరమీటరు దూరంలో అద్దంలో బొమ్మలాగా ఒకే చుక్కగా ఉన్నట్టు లెక్కేసుకోవచ్చని 1845లో విలియం థామ్సన్ కనిపెట్టాడు. అప్పటికి ఆయనకి పూర్తిగా ఇరవయ్యొకటి. లార్డ్ కెల్విన్ అయింది చాలా తరవాత.

కథ ఇంకా అవ్వలేదు. బయటి ఆవేశం అక్కడే ఉండగా ఎర్త్ తీగని కత్తిరించండి. ఏమీ జరగదు, పొటెన్షియల్ సున్నాలోనే ఉంటుంది. ఇప్పుడు బయటి ఆవేశాన్ని దూరంగా తీసుకుపోండి. తెచ్చుకున్న 5 మైక్రోకూలాంబ్‌లు పోయే దారి లేక గోళం మీదే చిక్కుబడతాయి, పొటెన్షియల్ మైనస్ 45 వేల వోల్ట్లకి పడిపోతుంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు, దానికి ఏ కరెంటూ ఇవ్వలేదు.

యార్డులో ఆపేసిన తీగ సరిగ్గా ఆ మొదటి గోళమే. దాని మీద నికర ఆవేశం లేకపోవచ్చు, కానీ పక్క తీగ క్షేత్రంలో అది మునిగి ఉంది. తీగ ఎంత పొడుగైతే వోల్ట్లు అంత పెరుగుతాయనుకోకండి. వోల్ట్లు దాదాపు అంతే ఉంటాయి, మనిషి తాకినప్పుడు వంట్లోంచి పరిగెత్తే ఆవేశం మాత్రం పొడుగుతో పాటు పెరుగుతుంది. పైగా పక్కది ఏసీ. సెకనుకి 100 సార్లు దిక్కు మారుతూ ఉంటుంది కాబట్టి ఒక్క చురుకుతో వదలదు, పట్టుకున్నంతసేపూ వంట్లోంచి ఆవేశాన్ని అటూ ఇటూ ఆడిస్తుంది. పక్క లైను మీద రైలు వందల ఆంపియర్లు లాగుతూ పోతే అయస్కాంత ప్రేరణ అదనం. రాడ్లు రెండు పక్కలా వెయ్యడానికీ, పని జరిగినంతసేపూ ఉంచెయ్యడానికీ ఇదే కారణం. ఒకసారి తాకించి తీసేస్తే చాలదు. వరస కూడా ఇందుకే. ముందు కొక్కెం తీగకి వేసి, క్లాంపు చేతిలో పట్టుకున్నారనుకోండి, ఆ క్లాంపు తీగ పొటెన్షియల్‌లోకి వెళ్లిపోతుంది. నేలకి దారి మనిషే అవుతాడు.

ఆగి ఉన్న గూడ్స్ వ్యాగన్ మీదికెక్కి సెల్ఫీ తీసుకోబోయి కాలిపోయిన కుర్రాళ్ల వార్తలు పేపర్లో చదువుతుంటాం. తీగని తాకలేదే, ఎలా జరిగిందంటారు ఇంట్లోవాళ్లు. వ్యాగన్ చక్రాల ద్వారా పట్టాకి కలిసే ఉంటుంది, దాని మీది మనిషి ఎర్త్ చేసిన వాహకం. తీగ దగ్గరికి పోయేకొద్దీ ఎదురు ఆవేశం అతని తలలోకి, ఎత్తిన చేతి వేళ్లలోకి నేలలోంచి ఎగబాకుతుంది. వేలికొస వ్యాసార్ధం ఎంతని? క్షేత్రం అక్కడ పోగుపడి గాలిని తెంపేస్తుంది. రవ్వ దూకే సందు నిజానికి సెంటీమీటర్లలోనే ఉంటుంది. రైల్వే మాత్రం 2 మీటర్ల దూరం పెట్టింది. చేతిలో గొడుగో, తడిసిన గడ కర్రో, ఇనప గొట్టమో ఉన్నప్పుడు ఆ సెంటీమీటర్లని ఎవరు కొలుచుకుంటారు?

ఇంతవరకూ భూమిని సున్నా అని నమ్మేశాం. పట్టా కూడా పూర్తిగా సున్నా కాదు. రైలు వాడుకున్న కరెంటు తిరిగి సబ్‌స్టేషన్ చేరేది పట్టాల్లోంచీ, కొంత నేలలోంచీ. నేల అయితే అసలే నమ్మదగింది కాదు, ముఖ్యంగా మన దగ్గర. మౌలాలి గుట్ట చూడండి, తిరుమలగిరి వైపు మిగిలిన బండరాళ్లు చూడండి. ఇది వందల కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. తడి బంకమట్టి విశిష్ట నిరోధం పదుల ఓమ్-మీటర్లలో ఉంటే గట్టి గ్రానైటుది వేలల్లో ఉంటుంది.

నేలలో పాతిన ఎర్త్‌ని అరగోళంగా ఊహించుకుంటే మళ్లీ అదే గోళపు లెక్క. దానిలోంచి కరెంటు నేలలోకి నలుదిక్కులా విచ్చుకుంటూ పోతుంది. దూరం రెట్టింపయితే పొటెన్షియల్ సగమవుతుంది. అరమీటరు వ్యాసార్ధం ఉన్న అరగోళాన్ని 100 ఓమ్-మీటర్ల మట్టిలో పాతితే నిరోధం 32 ఓమ్‌లు. అదే 2,000 ఓమ్-మీటర్ల రాతినేలలో పాతితే 640 ఓమ్‌లు. అపార్టుమెంటు వెనక సిమెంటు మూత కింద ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసేది మూఢనమ్మకం కాదు. మొత్తం నిరోధంలో సగం ఆ మొదటి అరమీటరు మట్టిలోనే ఉంది. ఆ కాస్త చోటుని తడిగా, ఉప్పగా ఉంచితే ఎలక్ట్రోడ్డే పెద్దదైనట్టు. ఎండాకాలంలో గుంతలో బిందెడు నీళ్లు పొయ్యమని ఎలక్ట్రీషియన్ చెప్పేది కూడా దీనికే. వాచ్‌మన్‌కి ఆ సంగతి గుర్తుంటే ఆ అపార్టుమెంటు వాళ్లు అదృష్టవంతులు.

ఇదే సూత్రాన్ని తిరగేసి వాడితే భూమి అడుగున ఏముందో తెలుస్తుంది. నాలుగు ఇనప కడ్డీలు వరసగా పాతి, చివరి రెండిట్లోంచి కరెంటు పంపి, మధ్య రెండిటి మధ్య పొటెన్షియల్ తేడా కొలుస్తారు. కడ్డీల ఎడం పెంచేకొద్దీ కరెంటు లోతుకి దిగుతుంది, లోతు పొరల విశిష్ట నిరోధం బయటపడుతుంది. నిరోధం హఠాత్తుగా పడిపోయిందంటే అక్కడ పగుళ్లలో నీళ్లుండొచ్చు. 1961లో హైదరాబాద్‌లో మొదలైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారు రాతినేలల్లో భూగర్భజలం వెతకడానికి దీన్ని విస్తారంగా వాడారు. బోరు పాయింట్ పెట్టడానికి ఇప్పటికీ అరచేతిలో కొబ్బరికాయ పట్టుకుని తిరిగేవాళ్లకి గిరాకీ తగ్గలేదు. కొబ్బరికాయకి ఓమ్-మీటర్లు తెలియవు, దాన్ని పట్టుకున్నాయన ఫీజు మాత్రం మీటరు కన్నా తక్కువేమీ ఉండదు.

నేల సున్నా కాకపోవడం ప్రాణం మీదికొచ్చేది గాలివానలప్పుడు. తెగిపడ్డ తీగలోంచి 10 ఆంపియర్లు తడినేలలోకి పోతున్నాయనుకోండి, నేల 100 ఓమ్-మీటర్లది. తీగకి మీటరు దూరంలో నేల పొటెన్షియల్ 160 వోల్ట్లు, ఒక్క అంగ అవతల 88. రెండు కాళ్ల మధ్య 70 వోల్ట్ల పైనే. పది మీటర్ల దూరంలో అదే అంగకి ఒక వోల్టు పైచిలుకు. అందుకే దగ్గర్లో ఉంటే పరిగెత్తకూడదు, పాదాలు రెండూ ఆనించి జరుగుతూ దూరం పోవాలి. గేదెకి ఈ వెసులుబాటు లేదు. ముందుకాళ్లకీ వెనకకాళ్లకీ మధ్య ఎడం ఎక్కువ, కరెంటు గుండె మీదుగానే పోతుంది. పిడుగు పడ్డప్పుడు చెట్టు కింద మంద మందే కూలిపోవడం వెనకున్నదీ ఇదే. పిడుగులో 30 వేల ఆంపియర్లు మామూలు. 1,000 ఓమ్-మీటర్ల రాతినేల మీద పడితే 50 మీటర్ల అవతల కూడా నేల పొటెన్షియల్ లెక్కకి 95 వేల వోల్ట్లు వస్తుంది. ఆ క్షణంలో సున్నా ఎక్కడుందని అడిగితే చూపించడానికి చోటు లేదు.

మరి భూగోళం మొత్తాన్ని ఒకే గోళంగా తీసుకుంటే? అదీ ఆవేశం ఉన్న వాహకమే. మబ్బు లేని రోజున నేల దగ్గర మీటరుకి 100 వోల్ట్లకి అటూ ఇటూగా క్షేత్రం ఉంటుంది, పైనుంచి కిందికి. దాని నుంచి వెనక్కి లెక్కేస్తే భూమి చర్మం మీద సుమారు 5 లక్షల కూలాంబ్‌ల రుణావేశం ఉన్నట్టు తేలుతుంది. 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధంతో గోళపు సూత్రంలో వేస్తే వచ్చేది మైనస్ 70 కోట్ల వోల్ట్లు! పుస్తకంలో అనంత దూరపు సున్నాకీ, ఎలక్ట్రీషియన్ సున్నాకీ మధ్య ఇంత అగాధం నిజంగా ఉందా అంటే లేదు. సరిసమానమైన ధనావేశం భూమిని చుట్టుకుని గాలిలోనే, అదీ ఎక్కువగా కింది పొరల్లో, ఉంది. రెండూ కలిస్తే దూరానికి ఏమీ కనిపించదు. నేలకీ పైవాతావరణపు వాహక పొరకీ మధ్య మిగిలేది 3 లక్షల వోల్ట్ల లోపు తేడా. ఇంత పెద్ద గోళం విద్యుత్తుని ఇముడ్చుకునే శక్తి మాత్రం ఆశ్చర్యపోయేంత తక్కువ: ఒంటరి గోళంగా చూస్తే 710 మైక్రోఫారడ్‌లు. సీలింగ్ ఫ్యాన్‌లో వేసే 2.5 మైక్రోఫారడ్ కండెన్సర్లు ఓ మూడు వందలు పక్కపక్కన కలిపితే దాన్ని దాటేస్తాయి.

మీటరుకి 100 వోల్ట్లంటే మనిషి తలకీ కాలికీ మధ్య 170 వోల్ట్లుండాలి, షాక్ కొట్టదేం? మనమూ ఎర్త్ చేసిన వాహకాలమే కనక. నిలబడగానే నేలలోంచి ఇంత ఆవేశం తలలోకి చేరి, ఒళ్లంతా నేల పొటెన్షియల్‌లోకి వచ్చేస్తుంది. సమ పొటెన్షియల్ పొరలు నెత్తి మీదుగా వంపు తిరిగి పోతాయి.

గాలి పూర్తి అవాహకం కాదు. విశ్వకిరణాలు దాన్ని ఎడతెరిపి లేకుండా అయాన్లుగా చీలుస్తుంటాయి. ఆ దారిలో ప్రపంచమంతటా కలిపి వెయ్యి ఆంపియర్లకి పైగా కరెంటు నేలకి కారుతూ ఉంటుంది. ఆ లెక్కన భూమి ఆవేశం పది నిమిషాలకే చాలావరకు ఖర్చయిపోవాలి. ఖర్చవకుండా నింపేవి ఎక్కడెక్కడి ఉరుముల మబ్బులు, పిడుగులు. 1920ల చివర కార్నెగీ అనే పరిశోధన ఓడ సముద్రాల మీద తిరుగుతూ ఈ క్షేత్రాన్ని కొలిస్తే, ఏ సముద్రంలోనైనా అది గ్రీన్‌విచ్ కాలమానంలో సాయంత్రం 7 ప్రాంతంలోనే పతాకస్థాయికి చేరింది. దక్షిణ అమెరికాలో మధ్యాహ్నపు ఉరుములు ముదిరే వేళ అది. మనకి అర్ధరాత్రి దాటి 12:30.

సికింద్రాబాద్ నడిబొడ్డున పరికరం పెట్టి ఆ పెరుగుదల పట్టుకుందామంటే కష్టం. పొగ, దుమ్ము అయాన్లని మింగేసి నేల దగ్గరి అంకెల్ని చెరిపేస్తాయి. గాలి విద్యుత్ వాహకతను తిన్నగా పైకెళ్లి కొలవాలి. ఆ సదుపాయం ఊరికి దగ్గర్లోనే ఉంది: ఈసీఐఎల్ పక్కన టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం. 1980ల్లో అక్కడి నుంచి లేచిన బెలూన్లు దుమ్మునీ మబ్బునీ దాటి స్ట్రాటోస్ఫియర్‌లోకి పోయి, ఆ ఎత్తున గాలి ఎంత కరెంటుని పోనిస్తుందో కొలిచి వచ్చాయి. పైకెళ్లేకొద్దీ వాహకత వేగంగా పెరిగిపోతుంది. నేలకీ పైపొరకీ మధ్య ఉన్న ఆ 3 లక్షల వోల్ట్ల తేడాలో చాలా భాగం తొలి పది కిలోమీటర్లలోనే అయిపోయేది అందుకే.